నెమలి మీద చెయ్యి

రామసానిపేట కంచరివీధిలో వైకుంఠాచారి గారిని ఏదైనా ప్రశ్న అడిగితే, జవాబు సంగతేమో గానీ కాళ్ళనొప్పులు మాత్రం ఖాయమని జనం నవ్వుకునేవాళ్ళు. ఆయనకు నోటితో జవాబు చెప్పే అలవాటు లేదు. కరిగిన కంచు ఏ రంగుకొస్తే పోతకు సిద్ధమైనట్టని వెనకటికొక శిష్యుడు అడిగితే, అతన్ని నాలుగు మైళ్ళు నడిపించుకుపోయి, ఒక మెట్ట మీద పడమటి ముఖంగా కూర్చోబెట్టి, పొద్దు గుంకేదాకా లేవనివ్వలేదట. ఆ శిష్యుడు ఆ రంగునూ మరిచిపోలేదు, ఆ మెట్టనూ మరిచిపోలేదు. మాటల్లో చెబితే రెండు ముక్కల్లో తేలిపోయేది కదా అని మనలాంటి వాళ్ళకు అనిపిస్తుంది. తేలిపోయేదే. మర్నాటికి మరిచిపోయేవాడు కూడానూ.

అలాంటి మనిషిని ఒక ఉదయం మౌనేశు అడిగాడు. "గురువుగారూ, ఎవరి కంటికీ కనబడని లోపాన్ని లోపం అనొచ్చా?"

ఊసుపోక అడిగినట్టే అడిగాడు. ఒక కంచు గరిటె ఒళ్ళో పెట్టుకుని, ఆకురాయితో దాని అంచు రాస్తూ, తలెత్తకుండా అడిగాడు. కానీ ఆ గరిటె అంచు ఎప్పుడో నున్నబడింది. అరగంట నుంచీ రాసిందే రాస్తున్నాడు.

వైకుంఠాచారి గారు చేతిలో పని కింద పెట్టి, కండువా దులిపి భుజాన వేసుకున్నారు. "పద. చింతగుట్ట కోట దాకా పోయొద్దాం."

"ఇప్పుడా? రేపు పొద్దున్నే పేరు చెక్కడం పెట్టుకుని..."

"రేపు కదా?" అన్నారాయన, అప్పటికే చెప్పుల్లో కాళ్ళు దూరుస్తూ.

మౌనేశుకు గుండె జారింది. ఎందుకు జారిందో చెప్పాలంటే కాస్త వెనక్కి పోవాలి.

మౌనేశు ఆ ఇంట్లో పదకొండేళ్ళుగా పోతపని నేర్చుకుంటున్నాడు. ముప్పై నాలుగేళ్ళ మనిషి, పెళ్ళయినవాడు. చెయ్యి బంగారం, మనసు మాత్రం వేడిపెనం మీది నీటిచుక్క. భోజనానికి కూర్చుంటే చెయ్యి కడుక్కోవడం మీద ధ్యాస, చెయ్యి కడుక్కుంటే తర్వాతి పని మీద ధ్యాస. పెద్ద పోతలన్నీ గురువుగారి చేతి మీదుగానే నడిచేవి. ఈ ఏడు బొమ్మరాజుపల్లె వాళ్ళు తమ గుడికి గంట కావాలని వచ్చినప్పుడు, ఆయన మొదటిసారి మౌనేశు వైపు చూపించి, "ఇతను పోస్తాడు" అన్నారు.

ఆ ఇంటికి ఒక ఆచారం ఉంది. శిష్యుడు తన చేత్తో మొదటి పెద్ద పోత పోసినప్పుడు, దాని మీద అతని పేరు గురువే స్వయంగా ఉలి పట్టి చెక్కుతాడు. ఆ రోజుతో శిష్యరికం తీరినట్టు. పోత తప్పితే దానికీ ఆచారం ఉంది. తప్పినవాడు మళ్ళీ ఏడాది పాటు అచ్చుల మన్ను తొక్కాలి. పుట్టమన్ను, పేడ, ఊక కలిపి, మోకాళ్ళ దాకా దిగి తొక్కే పని అది. కొత్తగా చేరినవాళ్ళకు అప్పజెప్పే పని. ముప్పై నాలుగేళ్ళ వయసులో వీధంతా చూస్తుండగా ఆ గుంటలో దిగడమంటే ఎంత తలవంపో వేరే చెప్పాలా?

బొమ్మరాజుపల్లెలో ఇంటికో కంచుపాత్ర ఇచ్చారు గంట కోసం. చెంబులు, గిన్నెలు, చిట్టి మరచెంబులు. వాటితోపాటు ఈరమ్మ అనే ఒక ముసలావిడ పాత కంచం ఒకటి పట్టుకొచ్చింది. దాన్ని కొంగుతో తుడిచి తుడిచి గానీ చేతికివ్వలేదు. "మా ఆయన నలభై ఏళ్ళు దీంట్లోనే తిన్నాడయ్యా. ఇంకమీద ఊరంతా ఆయన గొంతు వింటుందిలే," అని నవ్వింది, నవ్వుతూనే కళ్ళొత్తుకుంది. గంట వేలాడదీసిన రోజు మొట్టమొదట మోగించేది ఆవిడే అని ఊరు ముందే తీర్మానించింది. మోగించాలంటే కింద నిలబడి తాడు లాగాలి కదా. ఆ ముక్క తలుచుకున్నప్పుడల్లా మౌనేశు చేతిలో పని ఆగిపోతోంది.

జరిగింది ఇదీ. ముందు మైనంతో గంట చేసి, దాని మీద మట్టి మెత్తుతారు. మైనం కరిగి కారిపోయాక ఆ మట్టి అచ్చును బాగా కాల్చాలి. పిసరంత చెమ్మ మిగిలినా, కరిగిన కంచు తగిలి అది ఆవిరై, పోతలో తొర్ర చేస్తుంది. అచ్చు ఆరిందీ లేందీ తెలుసుకోవడానికి ఆ ఇంట్లో ఒక పద్ధతి ఉంది. అచ్చు బెజ్జం దగ్గర చల్లటి కంచు పళ్ళెం పట్టి చూస్తారు. పళ్ళెం మసకేస్తే ఇంకా పచ్చిగా ఉన్నట్టు. గురువుగారు మేనకోడలి పెళ్ళికి పోతూ, "పళ్ళెం తేటగా ఉంటే తప్ప పొయ్యకు," అని ఒక్క మాట చెప్పి పోయారు. రెండో రోజు మధ్యాహ్నం పడమట మబ్బు పట్టింది. పోతగుంట ఆరుబయట ఉంది. వాన పడితే అచ్చు మొదలంటా పోతుంది. మౌనేశు పళ్ళెం పట్టాడు. తీసి చూశాడు. మధ్యలో బొట్టంత మసక. బొటనవేలితో దాన్ని తుడిచేసి, ఇది నా చేతి చెమటే అనుకున్నాడు. అనుకుని పోశాడు.

వాన రాలేదు. వచ్చినా బాగుండేదేమో.

అచ్చు పగలగొడితే గంట ముద్దొచ్చేలా ఉంది. నడుము దాకా వచ్చే గంట, అంచు కొడితే ఊరవతలికి వినబడే నాదం. పైన, గంటను వేలాడదీసే చెవి మొదట్లో చూస్తే మాత్రం తొర్ర. బొటనవేలు మొదటి కణుపు దాకా దూరింది. అదెక్కడో అంచున ఉంటే నాదం చెడి నలుగురికీ తెలిసిపోయేది. చెవి దగ్గర కాబట్టి నాదానికి ఏమీ కాలేదు. బరువంతా మోసేది మాత్రం ఆ చెవే. మౌనేశు పనివాళ్ళిద్దర్నీ ఇంటికి పంపేసి, రెండు రోజులు ఒంటరిగా కూర్చున్నాడు. రెండు చిలకల బొమ్మ ఉన్న కంచు బిళ్ళ ఒకటి వేరుగా పోసి, తొర్రలో బిగించి, సందుల్లో సీసం కరిగించి పోసి, అంచులు సుత్తితో కొట్టి కలిపేశాడు. ముక్కు ముక్కు ఆనించుకున్న చిలకలు. ఏ మాటకామాటే చెప్పాలి, అంత చక్కటి చిలకలు అతను అంతకు ముందు ఎన్నడూ చెక్కలేదు.

గురువుగారు తిరిగొచ్చి గంట చుట్టూ ఒకసారి తిరిగారు. "చిలకలు బాగున్నాయిరా. మైనంలో లేవనుకుంటా," అన్నారు.

"తర్వాత తోచింది, గురువుగారూ."

"రెండో పక్కన ఖాళీగా ఉందేం?"

"తీరిక దొరకలేదు."

"ఊఁ," అన్నారాయన. అంతే. ఆ ఊఁ లో ఏముందో తెలియక మౌనేశు పది రోజులుగా చస్తున్నాడు. ఆయనకు తెలిసిందా? తెలిస్తే తిట్టరేం? తెలియకపోతే ఊఁ అనడమెందుకు? ఇంట్లో భార్య తులశమ్మ కొత్త పంచె తెచ్చి, పసుపు బొట్టు పెట్టి, పెట్టెలో దాచింది. "మా ఆయన పేరు పడుతోంది," అని వీధి ఈ చివర నుంచి ఆ చివర దాకా చెప్పుకొచ్చింది. రేపు పేరు చెక్కడం, ఎల్లుండి బొమ్మరాజుపల్లె వాళ్ళు బండి తోలుకొచ్చి గంట తీసుకుపోవడం. అందుకే ఆ ఉదయం, ఇక పట్టలేక, గరిటె అరగదీస్తూ ఆ ప్రశ్న అడిగాడు.

చింతగుట్టకు బస్సులో గంటన్నర. బస్సు కదిలిన కాసేపటికే గురువుగారు కిటికీకి తల ఆనించి కునుకు తీశారు. ఆ నిద్ర చూస్తే మౌనేశుకు ఒళ్ళు మండింది. తను పదిసార్లు కూర్చున్నచోటే అటూ ఇటూ జరిగాడు. చెప్పేస్తే పోలా అనుకున్నాడు. చెబితే తులశమ్మ ముఖం ఎట్లా చూడను అనుకున్నాడు. ఆ బిళ్ళ గట్టిగానే దిగింది, నూరేళ్ళయినా కదలదు అనుకున్నాడు. బస్సు గతుకులో పడి పైనున్న సామాను దబ్బుమని కిందపడితే, అందరికన్నా ముందు ఎగిరిపడింది అతనే.

చింతగుట్ట కోట గుమ్మంలో, రాతి అరుగు మీద ఒక కంచు ఫిరంగి ఉంది. పేరు జయకేసరి. పక్కన 'ఎక్కరాదు' అని పలక నాటారు, దాని మీద ఎక్కినవాళ్ళు ఎక్కుతూనే ఉన్నారు. రెండు నిలువుల పొడుగు. మూతి, గుడి స్తంభాల మీద కనబడే యాళి మృగం తెరిచిన నోరు, కోరల మధ్య నుంచి గుండు రావాలి. వీపు మీద పైకెత్తడానికి పట్టుకునే కడియాలు కడియాల్లా ఉండవు, దూకబోతున్న రెండు సింహాలు. ఒంటినిండా తీగలు, తామరరేకుల పట్టీలు, రాజుగారి బిరుదులు. మనిషిని చంపడానికి చేసిన వస్తువుకు ఇంత సింగారం ఎందుకో ఆ రాజుకే తెలియాలి. ఎండకూ వానకూ ఒళ్ళంతా పచ్చటి నలుపు తిరిగింది. ఎడమ పక్కన, తుపాకిమందు కూరే చోట, ఒక్క నెమలి మాత్రం మిలమిల మెరుస్తోంది.

మెరవడానికి కారణం అక్కడే నిలబడి ఉంది. మూడు కాళ్ళ పెట్టె కెమెరా, దానికి నల్లగుడ్డ, పక్కన ఫోటోలు తగిలించిన చెక్కపలక. ఖాసిం సాయిబు కోట ముందు ఫోటోలు తీస్తాడు. అతని తండ్రీ అదే చోట తీశాడు. కొత్తగా పెళ్ళయినవాళ్ళు ఆ నెమలి మీద చెయ్యి వేసి ఫోటో దిగితే కాపురం చెక్కుచెదరదని ఆ చుట్టుపక్కల నమ్మకం. వీళ్ళు వెళ్ళేసరికి ఒక జంట నిలబడి ఉంది. పెళ్ళికూతురు నవ్వు ఆపుకోలేకపోతోంది.

"నెమలి మీద వెయ్యమ్మా చెయ్యి, పెనిమిటి మీద కాదు. ఆయన ఎక్కడికీ పోడులే," అంటున్నాడు ఖాసిం సాయిబు.

వాళ్ళ ఫోటో అయ్యాక అతను గురువుగారిని చూసి రెండు చేతులూ జోడించాడు. "రండి ఆచారి గారూ! ఎన్నేళ్ళకు! ఈసారి ఈయన్నేనా తెచ్చింది?"

"ఇతన్నే. మా ఇద్దరికీ ఒక ఫోటో తియ్యండి."

మౌనేశు తెల్లబోయాడు. ఫోటో దిగడానికా ఇంత దూరం లాక్కొచ్చింది? కానీ ఆ ముసలాయనతో వాదించి గెలిచినవాడు ఆ వీధిలో లేడు. ఇద్దరూ ఫిరంగి పక్కన నిలబడ్డారు. "చెయ్యి నెమలి మీద వెయ్యి," అన్నారు గురువుగారు. వేశాడు. నున్నగా, ఎండకు వెచ్చగా తగిలింది.

"ఊపిరి బిగబట్టండి. మూడు లెక్కపెడతాను. కదిలారా, దెయ్యాల్లా పడతారు," అని సాయిబు గుడ్డలో తల దూర్చాడు. "ఒకటి..."

మౌనేశు జన్మలో ఒకచోట కదలకుండా నిలబడ్డవాడు కాదు. కాళ్ళు బిగబట్టాడు, మెడ బిగబట్టాడు. వేళ్ళు మాత్రం వాటి అలవాటు ప్రకారం లోహాన్ని తడిమి చూస్తున్నాయి. కంచరి వేళ్ళు, వాటికి సెలవు ఉండదు. నెమలి మెడ మీది ఈకల గీతలు అరిగి అరిగి దాదాపు చెరిగిపోయాయి. ఆ చెరిగినచోట చూపుడు వేలికి ఒక సన్నటి గీత తగిలింది. వెంట్రుక మందం.

"రెండు..."

గీత వెంట వేలు పోయింది. ఒక మూల తగిలింది. అక్కడ తిరిగి కిందికి దిగింది. ఇంకో మూల. ఇది ఈక గీత కాదు. చెక్కినవాడు గీసిన గీతే కాదు. నలుచదరంగా, నెమలి చుట్టూ...

"మూడు!"

మౌనేశు నిప్పు తాకినట్టు చెయ్యి వెనక్కి లాక్కున్నాడు.

"అయ్యో, కదిపారు సామీ!" అన్నాడు సాయిబు గుడ్డలోంచి తల తీసి.

మౌనేశు వినిపించుకోలేదు. మోకాళ్ళ మీద కూర్చుని నెమలికి ముఖం ఆనించి చూస్తున్నాడు. బిళ్ళ. వేరుగా పోసి, తొర్రలో బిగించి, అంచులు కొట్టి కలిపిన బిళ్ళ. ఆ పనివాడు అతుకు దాచడానికి దాని చుట్టూ ఈకలు చెక్కాడు. ఈకలు బాగున్నాయని జనం చెయ్యి వేశారు. తరతరాలుగా వేశారు. వేసి వేసి ఈకలను తుడిచేశారు. వందలమంది రోజూ చూసే నెమలే, ఒక్కడికీ కనబడలేదు. ఎట్లా కనబడుతుంది? ఆ పని చేసినవాడికి తప్ప ఇంకొకడికి తెలిసే గీత కాదది. తను పది రోజుల కిందట అదే గీతను సుత్తితో కొట్టి మాపాడు.

"సాయిబు గారూ, ఈ నెమలి ఎందుకు పెట్టారో చెబుతారా?" అడిగారు గురువుగారు, ఏమీ ఎరగనట్టు.

"రాణీగారి కలలోకి నెమలి వచ్చిందట సామీ. దాన్నే చెక్కించారు."

"కుడిపక్క లేదేం మరి?"

సాయిబు క్షణం ఆలోచించాడు. "కలలో ఒక్కటే వచ్చి ఉంటుంది."

మౌనేశు లేచి ఫిరంగి వీపు మీదికి వంగాడు. మందుకు నిప్పు ముట్టించే బెజ్జం అక్కడ ఉంటుంది. నాలుగుసార్లు పేల్చిన ఫిరంగికి ఆ బెజ్జం మంటకు కాలి, వెడల్పయి, అంచులు తినేసి ఉంటాయి. దీని అంచులు నిన్న చెక్కినంత పదునుగా ఉన్నాయి. "దీన్ని ఎప్పుడైనా పేల్చారా?" అని అడిగాడు.

"ఒక్కసారీ లేదు సామీ. దీన్ని చూసే శత్రువులు పారిపోయారని మా నాయన చెప్పేవాడు. నేనూ అదే చెబుతాను. వినేవాళ్ళకు సంతోషంగా ఉంటుంది," అని సాయిబు ఫోటో కడగడానికి పెట్టెలో చెయ్యి పెట్టాడు.

గురుశిష్యులిద్దరూ అరుగు చివర నీడలో కూర్చున్నారు. మౌనేశు కూర్చోలేక మళ్ళీ లేచాడు. అతనికి ఒక్కసారిగా ప్రాణం లేచొచ్చింది, ఏదో ఆధారం దొరికినట్టు. "గురువుగారూ, మందు కూరేచోటే తొర్ర ఉంది దీనికి. పేలిస్తే పక్కనున్న పదిమందీ పోయేవాళ్ళు."

"పోయేవాళ్ళే."

"కానీ ఎవరూ పోలేదు. ఇన్ని వందల ఏళ్ళలో ఎవరికీ చీమ కుట్టినట్టయినా కాలేదు."

"కాలేదు," అని ఒప్పుకున్నారాయన. అంత తేలిగ్గా ఒప్పుకుంటారని మౌనేశు అనుకోలేదు. తర్వాత ఆయన కోటగోడ కిందున్న పాత ఇళ్ళ వైపు చూస్తూ అన్నారు. "పోసినవాడు ఇక్కడే ఎక్కడో కాపురం ఉండి ఉంటాడు. దండు వస్తోందని ఊళ్ళో దండోరా వేసినప్పుడల్లా ఏం చేసేవాడో పాపం."

మౌనేశు ఆ ఇళ్ళ వైపు చూశాడు. ఎవరో ముక్కూ ముఖమూ తెలియని కంచరి ఒకడు, అన్నం ముందు కూర్చుని, దండోరా వినబడగానే కలిపిన ముద్ద కలిపినట్టే వదిలేసి గుమ్మంలోకి రావడం కళ్ళకు కట్టింది. కోట వైపు చూస్తాడు. ఇవాళ మందు కూరుతారేమో. పక్కన ఎవరు నిలబడతారో. ఏమీ జరగకుండా పొద్దు పోతుంది. మళ్ళీ రేపు. వాడికి యుద్ధం రాకపోవడం ఒక్కటే దిక్కు. యుద్ధం రాకుండా ఒక ఊరికి పదేళ్ళు గడవచ్చు, ఇరవై ఏళ్ళు గడవచ్చు. కానీ గంట? గంట రోజూ మోగాలి. పొద్దున మోగాలి, సాయంత్రం మోగాలి. మొదట మోగించడానికి ఈరమ్మ తాడు పట్టుకుని తలెత్తి పైకి చూస్తుంది, తన మొగుడి గొంతు వినబడుతుందని.

"ఇదిగో సామీ," అని సాయిబు తడి ఫోటో పట్టుకొచ్చాడు. గురువుగారు స్పష్టంగా పడ్డారు, కండువా అంచు సహా. యాళి కోరలు, సింహాలు, మౌనేశు బిగబట్టిన ముఖం, అన్నీ చక్కగా పడ్డాయి. చెయ్యి ఒక్కటే పొగలా చెదిరింది. "నేను చెప్పలా? ఇంకోటి తీస్తాను, దీనికేమీ ఇవ్వొద్దు."

"అక్కర్లేదు. దీన్ని మీ పలకకు తగిలించుకోండి," అన్నారు గురువుగారు.

సాయిబు చెక్కపలక దగ్గరికి పోయి చోటు వెతికాడు. కింది మూలన ఒక పాత ఫోటో ఉంది, అంచులు పసుపెక్కి. దాని పక్కన తగిలించాడు. మౌనేశు కళ్ళు ఆ పాతదాని మీద పడ్డాయి. అదే ఫిరంగి. అదే నెమలి. ఒక ముసలాయనా, ఒక పడుచువాడూ. పడుచువాడికి ఎడమ కనుబొమ్మ సగం లేదు, కంచు చిటుక్కున ఎగిరి కాలిన మచ్చ. చెయ్యి మాత్రం పొగలా చెదిరి ఉంది.

"అది మా నాయన తీసింది. చెడిపోయిందని వాళ్ళు తీసుకుపోలేదట," అన్నాడు సాయిబు.

మౌనేశు గిరుక్కున తిరిగి గురువుగారి ముఖంలోకి చూశాడు. ఆయన ఎడమ కనుబొమ్మ సగమే ఉంటుంది. పదకొండేళ్ళుగా రోజూ చూస్తున్న కనుబొమ్మే. ఆయన మాత్రం బస్సు వచ్చే దారికేసి చూస్తూ, "ఇంక పోదామా? ఇది తప్పితే సాయంత్రం దాకా బండి లేదు," అన్నారు.

తిరుగు ప్రయాణంలో కూడా ఆయన నిద్రపోయారు.

మర్నాడు పొద్దున్నే కార్ఖానా ముందు నీళ్ళు చల్లి ముగ్గు పెట్టింది తులశమ్మ. వీధిలోవాళ్ళు పదిమంది వచ్చారు. గంటను గడ్డి మీద పక్కకు వాల్చి పెట్టారు. మౌనేశు కొత్త పంచె కట్టుకొచ్చాడు గానీ ముఖంలో కళ లేదు. తులశమ్మ రెండుసార్లు సైగ చేసింది, కాస్త నవ్వమని. వైకుంఠాచారి గారు పీట మీద కూర్చుని, ఉలి కళ్ళకద్దుకుని, ఆచారం ప్రకారం అడగాల్సిన మాట అడిగారు. "ఎక్కడ చెక్కమంటావు నాయనా, నీ పేరు?"

దానికి చెప్పాల్సిన జవాబు కూడా ఆచారంలో ఉంది. లోపలి అంచున, మీ చిత్తం అనాలి. మౌనేశు నోరు తెరిచాడు. ఆ మాట నాలుక చివరి దాకా వచ్చింది కూడా. అప్పుడు అతని చూపు గంట అంచు మీద పడింది. ఎన్ని ఇళ్ళ పాత్రలు కరిగాయో అందులో. ఏది ఎవరిదో ఇక ఎవరూ చెప్పలేరు. అయినా ఒక కంచం మాత్రం అతనికి అలాగే కనబడుతోంది, కొంగుతో తుడిచిన కంచం.

"చెవి కింద చెక్కండి, గురువుగారూ," అన్నాడు. "ఆ చిలకల మీద."

"అదేంటండీ, అంత పైన ఎవరికి కనబడుతుంది?" అంది తులశమ్మ పక్కనుంచి.

గురువుగారు శిష్యుడి ముఖంలోకి నిదానంగా చూశారు. "అక్కడయితే గట్టిగా కొట్టాలి," అన్నారు.

"కొట్టండి."

మొదటి దెబ్బకు చిలకలు నిలిచాయి. రెండో దెబ్బకు అంచు వెంట బూడిదరంగు గీత తేలింది, సీసం. వీధిలోవాళ్ళలో ఎవరో "అరె" అన్నారు. మూడో దెబ్బకు జంట చిలకలు ఊడి గడ్డిలో పడ్డాయి. తొర్ర నల్లగా నోరు తెరిచింది. గురువుగారు అందులో బొటనవేలు పెట్టి చూసి తీసేశారు.

తులశమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"అచ్చు ఆరలేదు," అన్నాడు మౌనేశు, అందరికీ వినబడేలా. "పళ్ళెం మీద మసక చూశాను. చేత్తో తుడిచేశాను. వానకు భయపడి పోశాను. తొర్ర చూసి కూడా దాచాను. నన్ను నేను ఎన్ని రకాలుగా నమ్మించుకున్నానో నాకే తెలియదు." ఏడుపు తన్నుకొచ్చింది. పది రోజుల్లో మొదటిసారి ఊపిరి నిండా ఆడింది. తర్వాత కళ్ళు తుడుచుకుని, కొత్త పంచె మోకాళ్ళ పైకి ఎగ్గట్టుకుంటూ అడిగాడు. "నా సంగతి సరే. రేపు ఈరమ్మ బండి కట్టుకొస్తుంది. గంట ఏదని అడుగుతుంది. ఆవిడకు ఏం చెప్పమంటారు?"

వైకుంఠాచారి గారు గడ్డిలో పడ్డ చిలకలను ఏరి, ఊది, అతని చేతిలో పెట్టారు.

"పోయి మన్ను నానబెట్టు," అన్నారు. "ఆవిడ వచ్చేసరికి నీ కాళ్ళకు మన్నుంటే చాలు."